ఇంట్లోని పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి: ఆడాసిటీలో ఫైళ్లు సేవ్ చేసే పద్ధతి

అమ్మమ్మ పాడిన మంగళహారతులు, తాతయ్య చదివిన పద్యాలు, ఊళ్లో చెప్పించిన హరికథ, గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి ఇంట్లోవాళ్లు టేపు చేసి పంపిన కబుర్లు. ఇలాంటివి చాలా ఇళ్లలో ఇంకా క్యాసెట్లలోనే ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం పెద్ద కష్టం కాదు. ఎక్కించాక పోగొట్టుకోవడం అంతకన్నా తేలిక. అందుకే ఇక్కడ రికార్డింగ్ గురించి కొంచెం, ఫైళ్ల గురించి ఎక్కువ చెబుతాను.

దీనికి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. 2000లో మొదట విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ 2021లో వచ్చిన 3.0 వెర్షన్‌తో ఫైళ్లు దాచుకునే తీరునే మార్చుకుంది. నేను చెప్పే మెనూలు 3.4, ఆ తర్వాత వచ్చిన 3 శ్రేణి వెర్షన్లకు సరిపోతాయి. వేరే ఎడిటర్ వాడుతున్నా మెనూ పేర్లు మారతాయి గానీ పద్ధతి మారదు.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఆడాసిటీలో 'సేవ్' నొక్కితే పాట తయారవదు. ప్రాజెక్టు తయారవుతుంది. దాని పేరు చివర ఏయూపీ3 అని ఉంటుంది. అది ఆడాసిటీకి తప్ప ఫోనుకూ కారుకూ టీవీకీ అర్థం కాదు. రాత్రంతా కూర్చుని శుభ్రం చేసిన రికార్డింగును ఈ ఏయూపీ3 రూపంలోనే అమెరికాలో ఉన్న అక్కకు పంపి, 'తెరుచుకోవడం లేదు' అన్న జవాబు అందుకునేవారు చాలామంది. మామూలు ప్లేయర్లలో వినబడే ఫైలు కావాలంటే 'ఎక్స్‌పోర్ట్' చేయాలి. కాబట్టి ఒక్కో క్యాసెట్‌కు మీ దగ్గర మూడు రకాల ఫైళ్లు ఉండాలి. టేపులోంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్న మూలం, మీరు కత్తిరించి సవరించే ప్రాజెక్టు, బంధువులకు పంపే కాపీ. ఈ మూడింటినీ కలగాపులగం చేయకపోతే సగం పని అయినట్టే.

చోటు, ఫోల్డర్లు, పేర్లు

క్యాసెట్ల పెట్టె ముందు పెట్టుకుని లెక్క వేయండి. సీ-60 అంటే రెండు వైపులా కలిపి 60 నిమిషాలు, ఒక్కో వైపు 30. సీ-90 అయితే ఒక్కో వైపు 45. ఆడాసిటీ తన ప్రాజెక్టులో శబ్దాన్ని 32 బిట్ ఫ్లోట్ అనే పెద్ద కొలతలో దాచుకుంటుంది. 48,000 హెర్ట్జ్ శాంపిల్ రేటుతో, అంటే సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలుస్తూ, స్టీరియోలో రికార్డు చేస్తే నిమిషానికి సుమారు 23 ఎంబీ. అంటే సీ-60లో ఒక వైపుకే దాదాపు 690 ఎంబీ. పైగా మొత్తం ట్రాక్ మీద ఒక ఎఫెక్ట్ (శబ్దాన్ని సవరించే సాధనం) వేసిన ప్రతిసారీ, 'అన్‌డూ' కోసం పాతదాన్ని అట్టే పెట్టి, కొత్తదాన్ని అంతే పరిమాణంలో రాసుకుంటుంది. మూడు ఎఫెక్టులు వేసేసరికి అదే ప్రాజెక్టు రెండున్నర జీబీ దాటుతుంది. ఒక వైపు మీద పనిచేసేటప్పుడు కనీసం 10 జీబీ ఖాళీ ఉంచుకుంటే నిశ్చింత.

పని జరిగే చోటు కంప్యూటర్ లోపలి డిస్కే అయి ఉండాలి. పెన్‌డ్రైవ్ మీద వద్దు. దాని వేగం చాలక రికార్డింగులో మధ్యమధ్య ముక్కలు ఎగిరిపోతాయి. ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ అయితే 4 జీబీ మించిన ఫైలును అసలు దాచుకోలేదు. ఇంటర్నెట్‌తో తనంతట తాను సింక్ అయ్యే ఫోల్డర్‌లోనూ ప్రాజెక్టును తెరవకండి. మీరు ఎడిట్ చేస్తుండగానే అది సగం సగం ఫైలును పైకి పంపే ప్రయత్నం చేస్తుంది. బ్యాకప్‌కు ఆ ఫోల్డర్ మంచిదే, పని చేయడానికి కాదు.

డిస్కులో 'క్యాసెట్లు' అని ఒక ఫోల్డర్ తెరిచి, దానిలో 'మూలం', 'పని', 'పంపేవి' అని మూడు పెట్టండి. పేర్ల విషయంలో నాకు కాస్త పట్టుదల ఎక్కువే. 'అమ్మమ్మ పాట', 'అమ్మమ్మ పాట కొత్తది', 'అమ్మమ్మ పాట ఫైనల్', 'నిజంగా ఫైనల్' అంటూ పెరిగే పేర్లతో ఆరు నెలల తర్వాత మీకే దిక్కు తోచదు. క్యాసెట్‌కు ఒక నంబరు ఇవ్వండి. అదే నంబరును చిన్న చీటీ మీద రాసి క్యాసెట్ డబ్బాకు అంటించండి. ఫైలు పేరు 'క్యా07_ఏ_1991_మంగళహారతులు' అన్నట్టు ఉంటే చాలు: క్యాసెట్ నంబరు, ఏ వైపు, ఏ సంవత్సరం, ఏముంది. నంబరును 7 అని కాక 07 అని రాయాలి. లేకపోతే జాబితాలో 10వ క్యాసెట్ 2వ దాని కన్నా ముందు వచ్చి కూర్చునే అవకాశం ఉంది. పూర్తి తేదీ తెలిస్తే 1991-04-14 అన్నట్టు సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయండి. అప్పుడు పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. సంవత్సరం ఖాయంగా తెలియకపోతే ఊహించి రాయకండి, ఆ చోటు వదిలేయండి. రేపు మీ పిల్లలు దాన్నే నమ్ముతారు.

పేర్లు తెలుగులో పెడితే కంప్యూటర్‌కు ఏ ఇబ్బందీ లేదు. కొన్ని పాత కారు ప్లేయర్లు మాత్రం తెలుగు అక్షరాల చోట డబ్బాలు చూపిస్తాయి. అలాంటి వాటికిచ్చే కాపీకి ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టండి. మూలానికి తెలుగే ఉంచండి.

రికార్డు చేసే ముందు, చేసేటప్పుడు

క్యాసెట్ పై అంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. అవి ఇంకా ఉంటే రెండింటినీ విరిచేయండి. టేప్ రికార్డర్‌లో పొరపాటున రికార్డు బటన్ మీద చెయ్యి పడినా ఇక అది కిందికి దిగదు. మళ్లీ దొరకని గొంతు మీద టీవీ చప్పుడు ఎక్కే ప్రమాదం తప్పుతుంది. టేప్ రికార్డర్ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి. గోధుమరంగు మురికి వచ్చినంత సేపూ తుడుస్తూనే ఉండాలి.

టేప్ రికార్డర్ 'లైన్ అవుట్' నుంచి, అది లేకపోతే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి, ఒక ఆడియో కేబుల్‌తో కంప్యూటర్ 'లైన్ ఇన్'కు కలపండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లైన్ ఇన్ ఉండదు. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనుక్కుంటే ఆ లోటు తీరుతుంది. స్పీకర్ ముందు ఫోను పెట్టి రికార్డు చేయడం మాత్రం వద్దు. ఫ్యాను గాలి, వీధిలో కూరల బండి కేక కూడా అమ్మమ్మ పాటలో కలిసిపోతాయి.

ఆడాసిటీలో 'ఆడియో సెటప్' తెరిచి, రికార్డింగ్ పరికరంగా ఆ లైన్ ఇన్‌ను ఎంచుకోండి. 'ఆడియో సెట్టింగ్స్' లోని క్వాలిటీ భాగంలో ప్రాజెక్టు శాంపిల్ రేటు 48,000, శాంపిల్ ఫార్మాట్ 32 బిట్ ఫ్లోట్ పెట్టండి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కూడా పాత టేపులను భద్రపరచడానికి కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఉండాలని సూచిస్తుంది. ఇంటి రికార్డింగుకు అంతకు మించి పోవాల్సిన పని లేదు.

పాటలో బాగా గట్టిగా వినిపించే చోటు వెతికి, ఒక అర నిమిషం రికార్డు చేసి చూడండి. మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరికి వచ్చి ఆగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. సున్నాను తాకి ఎర్రబడితే లెవెల్ తగ్గించండి. నెమ్మదిగా రికార్డైన దాన్ని తర్వాత పెంచుకోవచ్చు గానీ, పగిలిన శబ్దాన్ని మళ్లీ అతికించలేరు.

ఆ అర నిమిషం ముక్క ఉండగానే 'ఫైల్' మెనూలో 'సేవ్ ప్రాజెక్ట్' ఎంచుకుని, 'పని' ఫోల్డర్‌లో సరైన పేరుతో సేవ్ చేయండి. రికార్డింగ్ పూర్తయ్యాక సేవ్ చేద్దామని చాలామంది ఆగుతారు. ముందే సేవ్ చేస్తే రికార్డయ్యేదంతా మీరు ఎంచుకున్న ఫైలులోకే చేరుతుంది, ఏదో మూలనున్న తాత్కాలిక ఫోల్డర్‌లోకి కాదు. ఇప్పుడు ఆ ముక్కను తీసేసి, టేపును మొదటికి తిప్పి, క్యాసెట్ వైపు మొత్తం ఒకే విడతలో రికార్డు చేయండి. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకోకుండా ముందే సెట్టింగ్ మార్చి పెట్టుకోండి. రెండో వైపుకు వేరే ప్రాజెక్టు తెరవండి. ఒక వైపుకు ఒక ప్రాజెక్టు అనే నియమం పెట్టుకుంటే, ఏదైనా పాడైనా నష్టం అక్కడితో ఆగుతుంది.

ఏమీ ముట్టుకోకముందే మూలం తీసి పెట్టండి

రికార్డింగ్ ఆగగానే చెయ్యి బుస తగ్గించే 'నాయిస్ రిడక్షన్' వైపు వెళుతుంది. ఆగండి. ముందు కంట్రోల్-ఎస్ నొక్కండి. తర్వాత కంట్రోల్-షిఫ్ట్-ఈ. ఎక్స్‌పోర్ట్ కిటికీ తెరుచుకుంటుంది. ఫార్మాట్ దగ్గర 'వేవ్', ఎన్‌కోడింగ్ దగ్గర 24 బిట్ పీసీఎం, శాంపిల్ రేటు 48,000 ఎంచుకుని, 'మూలం' ఫోల్డర్‌లోకి పంపండి. 30 నిమిషాల స్టీరియోకు ఇది సుమారు 520 ఎంబీ అవుతుంది. చోటుకు ఇబ్బంది ఉంటే వేవ్ బదులు 'ఫ్లాక్' ఎంచుకోవచ్చు. నాణ్యత ఒక్క చుక్క కూడా తగ్గదు, పరిమాణం మాత్రం దాదాపు సగానికి దిగవచ్చు. ఎంపీ3 మాత్రం మూలానికి పనికిరాదు. చెవికి వినబడదనుకున్న శబ్దాన్ని తీసేసి చిన్నదయ్యే ఫార్మాట్ అది. తీసేసింది మళ్లీ రాదు. ఒక ఎంపీ3ని తెరిచి ఎడిట్ చేసి మళ్లీ ఎంపీ3గా సేవ్ చేస్తే మరి కొంత పోతుంది.

టేపు బుస, మధ్యలో దగ్గు, చివర 'ఆగిందా?' అన్న ప్రశ్న, అన్నీ ఆ మూలంలో ఉండనివ్వండి. ఇవాళ మీకున్న నాయిస్ రిడక్షన్ కన్నా మెరుగైనది పదేళ్ల తర్వాత రావచ్చు. అది పనిచేయాలంటే ఈ బుసతో ఉన్న ఫైలే కావాలి. ఎవరిదో తెలియని ఆ 'ఆగిందా?' గొంతు ఎవరిదో గుర్తుపట్టే పెద్దమ్మ కూడా మీ బంధువుల్లో ఎవరో ఒకరు ఉంటారు.

ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలును ఆడాసిటీలో కాకుండా వేరే ప్లేయర్‌లో తెరిచి మొదట, మధ్యలో, చివర వినండి. బాగుంటే ఆ ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 'రీడ్ ఓన్లీ' గుర్తు పెట్టండి.

ఎడిటింగ్ జరిగేటప్పుడు

ఇక ప్రాజెక్టులో మీ ఇష్టం. స్టీరియోలోని ఎడమ, కుడి చానళ్లలో ఒకదానిలో గరగర ఎక్కువ ఉండి రెండోది శుభ్రంగా ఉంటే, ట్రాక్ మెనూలో 'స్ప్లిట్ స్టీరియో టు మోనో' నొక్కి మంచిదాన్నే ఉంచుకోండి. ఇళ్లలో చేసిన రికార్డింగులు చాలావరకు మోనోవే, అంటే ఒకే చానల్‌వే, పోయేదేమీ లేదు.

అన్‌డూ గురించి ఒక మాట. ప్రాజెక్టు తెరిచి ఉన్నంత సేపే అది ఉంటుంది. మూసేశాక మళ్లీ తెరిస్తే మీరు చివరిసారి సేవ్ చేసిన స్థితే మిగులుతుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు. అందుకే పెద్ద మార్పు చేయబోయే ముందు 'ఫైల్', 'సేవ్ ప్రాజెక్ట్', 'బ్యాకప్ ప్రాజెక్ట్' అనే వరుసలో వెళ్లి ఒక నకలు తీసుకోండి. పక్కనే ఉన్న 'సేవ్ ప్రాజెక్ట్ యాజ్'కూ దీనికీ తేడా ఉంది. బ్యాకప్ చేస్తే నకలు పక్కకు పోయి, మీరు పాత ఫైలులోనే పని కొనసాగిస్తారు. 'సేవ్ యాజ్' చేస్తే మీరే కొత్త ఫైలులోకి మారిపోతారు. ఇది గమనించకపోతే ఏ ఫైలులో ఏ మార్పు ఉందో తెలియక తికమకపడతారు.

ప్రాజెక్టు తెరిచి ఉన్నప్పుడు దాని పక్కనే, పేరు చివర 'వాల్' అని ఉన్న మరో ఫైలు కనిపించవచ్చు. అది చెత్త కాదు. ప్రధాన ఫైలులోకి ఇంకా చేరని తాజా పని దానిలో ఉంటుంది. దాన్ని చెరపకండి. ఆడాసిటీ మూసేశాకే ప్రాజెక్టును వేరేచోటికి కాపీ చేయండి.

కరెంటు పోయినా, కంప్యూటర్ మొరాయించినా కంగారు పడొద్దు. ఆడాసిటీని మళ్లీ తెరవగానే 'ఆటోమేటిక్ క్రాష్ రికవరీ' అనే కిటికీ వస్తుంది. మీ ప్రాజెక్టు పేరు పక్కన గుర్తు పెట్టి 'రికవర్ సెలెక్టెడ్' నొక్కండి. తొందరలో 'డిస్కార్డ్' నొక్కారంటే ఇక దొరకదు. తిరిగి వచ్చిన ప్రాజెక్టును అప్పటికప్పుడే సేవ్ చేయండి.

2021కి ముందు మీరో మరొకరో చేసిన పాత ప్రాజెక్టులు దొరికితే వాటి తీరు వేరు. ఏయూపీ అనే చిన్న ఫైలు ఒకటి, అదే పేరు చివర 'డేటా' అని ఉన్న ఫోల్డర్ ఒకటి. శబ్దమంతా ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. రెండూ పక్కపక్కన ఉంటేనే కొత్త ఆడాసిటీ దాన్ని తెరిచి ఏయూపీ3గా మార్చుకోగలదు. ఏయూపీ ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చినవారికి దక్కేది ఖాళీ ప్రాజెక్టే.

ఒక్కో పాటను విడదీయడం

క్యాసెట్‌లో పన్నెండు పాటలుంటే పన్నెండు ఫైళ్లు కావాలి కదా. ఒక్కోదాన్నీ సెలెక్ట్ చేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, పేరు పెట్టి, మళ్లీ మొదలుపెట్టడం ఓపికకు పరీక్ష. లేబుళ్లు వాడండి. పాట మొదలయ్యే చోట క్లిక్ చేసి కంట్రోల్-బి నొక్కితే లేబుల్ వస్తుంది. దానిలో పాట పేరు రాయండి: '01 లేవయ్యా లేవు', '02 తులసి పాట' అని ఏదైనా. వింటూ వింటూనే గుర్తు పెట్టాలంటే కంట్రోల్-ఎం. చివరి దాకా వచ్చాక కంట్రోల్-షిఫ్ట్-ఈ నొక్కి, ఎక్స్‌పోర్ట్ పరిధి దగ్గర 'మల్టిపుల్ ఫైల్స్' ఎంచుకోండి. ఫైళ్లను లేబుళ్ల ఆధారంగా విడదీయమని, లేబుల్ పేరే ఫైలు పేరుగా పెట్టమని చెప్పండి. అన్ని పాటలూ ఒకేసారి విడివిడి ఫైళ్లుగా బయటికి వస్తాయి. లేబుల్ పేరులో ప్రశ్నార్థకం, కోలన్, ఏటవాలు గీత వాడకండి. విండోస్ వాటిని ఫైలు పేరులో ఒప్పుకోదు.

ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందు ఎడమ పక్క ట్రాక్ బటన్లు ఒకసారి చూడండి. 'మ్యూట్' నొక్కి ఉన్న ట్రాక్ ఎక్స్‌పోర్ట్‌లో చేరదు. 'సోలో' నొక్కి ఉంటే అదొక్కటే చేరుతుంది. 'ఫైలులో శబ్దమే లేదు' అనే ఫిర్యాదుకు తరచూ ఇదే కారణం.

పంపే కాపీలు

ఎంపీ3కి ఇదే సరైన చోటు. మాటలకైతే మోనోలో 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) చాలు, నిమిషానికి అర ఎంబీ కూడా కాదు. పాటలకు 128 మంచిదే, అంటే నిమిషానికి దాదాపు ఒక ఎంబీ. వీణో వయొలినో ఉంటే 192 పెట్టండి. అంతకు మించి 320 పెట్టినా పాత క్యాసెట్‌లో లేని నాణ్యత ఎక్కడి నుంచో ఊడిపడదు.

ఎక్స్‌పోర్ట్ సమయంలోనే మెటాడేటా, అంటే ఫైలు గురించిన వివరాలు, నింపే వీలుంది. ఆర్టిస్ట్ దగ్గర పాడినవారి పేరు, ఆల్బమ్ దగ్గర క్యాసెట్ నంబరు, కామెంట్స్ దగ్గర ఎక్కడ ఎప్పుడు రికార్డయిందో రాయండి. ఫైలు పేరును ఎవరైనా మార్చేసినా ఈ వివరాలు ఫైలు లోపలే ఉంటాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు 'డాక్యుమెంట్'గా జతచేస్తే ఫైలు తన పేరుతో సహా ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఇప్పటికే వేవ్ రూపంలో ఉన్న ఫైళ్లు చాలా ఉండి, వాటన్నిటికీ ఎంపీ3 కాపీలు కావాలంటే 'టూల్స్' మెనూలో మాక్రోలు (ఒకే పనిని చాలా ఫైళ్ల మీద తనంతట తాను చేసే ఆదేశాల వరుసలు) చూడండి. ఎంపీ3గా మార్చే మాక్రో ఒకటి సిద్ధంగానే ఉంటుంది. ఫైళ్లన్నీ చూపించి వదిలేస్తే, తయారైన కాపీలను 'మాక్రో-అవుట్‌పుట్' అనే ఫోల్డర్‌లో పెడుతుంది.

దాచుకోవడం

'మూలం' ఫోల్డర్‌కు కనీసం రెండు నకళ్లు ఉండాలి, అవి కూడా వేరువేరు చోట్ల. ఒకటి బయటి హార్డ్ డిస్కులో. ఇంకొకటి ఆన్‌లైన్ డ్రైవ్‌లో, లేదా వేరే ఊళ్లో ఉండే తమ్ముడి ఇంట్లోని డిస్కులో. ఒకే బీరువాలో రెండు డిస్కులు పెట్టి రెండు బ్యాకప్‌లు ఉన్నాయనుకోవడం లెక్కలోకి రాదు. దొంగా వరదా రెండింటినీ కలిపే తీసుకుపోతాయి. ఏడాదికోసారి ఆ డిస్కును కంప్యూటర్‌కు తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి వినండి. సొరుగులో పడి ఉన్న హార్డ్ డిస్కు చెడిపోయినా బయటికి చెప్పదు.

'పని' ఫోల్డర్‌లోని ప్రాజెక్టుల మీద అంత మమకారం అక్కర్లేదు. మూలం రెండు చోట్ల భద్రంగా ఉండి, పంపే కాపీలు ఇంట్లో అందరికీ నచ్చి, మార్పులు అడిగేవారు ఎవరూ లేకపోతే, ఆ క్యాసెట్ ఏయూపీ3 ఫైలును చెరిపేసి తర్వాతి క్యాసెట్‌కు చోటు చేసుకోండి. సవరించిన రూపాన్ని కూడా పూర్తి నాణ్యతతో ఉంచుకోవాలనిపిస్తే, చెరిపే ముందు దాన్ని ఫ్లాక్‌లో ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి మూలం పక్కనే పెట్టండి. క్యాసెట్లను మాత్రం పారేయకండి. ఎండ తగలని చోట, స్పీకర్లకూ అయస్కాంతాలకూ దూరంగా, డబ్బాల్లో నిలువుగా నిలబెట్టి ఉంచండి.